కుదురు లేకపోతే చదువు రాదా?

ప్రశ్న: మా మనవడికి రెండున్నరేళ్లు. మా అమ్మాయికి హెచ్‌ఐవీ ఉంది. కడుపుతో ఉన్నప్పటి నుంచీ మందులు మానలేదు. బాబుకి ఏడాది లోపే పాలు మాన్పించాం, 18 నెలల పరీక్షలో నెగెటివ్ వచ్చింది. కానీ వాడికి ఒక్కచోట కుదురు లేదు. ఇలాంటి పిల్లలకి బుర్ర ఎదగదని, పై దేశాల్లో పసివాళ్లకే ఏకాగ్రత పరీక్ష పెడుతున్నారని బంధువు ఒకాయన అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్. హైదరాబాద్ తీసుకెళ్లి ఆ పరీక్ష చేయించాలా?
– ఒక అమ్మమ్మ, రాజోలు దగ్గర

జవాబు: హైదరాబాద్ బస్సు ఎక్కకండమ్మా. బాబుకి హెచ్‌ఐవీ లేదు, అది తేలిపోయింది. తల్లికి వైరస్ ఉండి తమకు సోకని పిల్లల్లో కొందరు మాటల్లో కాస్త వెనకబడుతున్నారని అధ్యయనాలు చెబుతున్న మాట నిజమే. అందులో వైరస్ వాటా ఎంత, ఇంట్లో లేమి, తల్లి దిగులు, పుట్టినప్పటి తక్కువ బరువు వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం.

ఆ పరీక్ష కూడా ఉంది. ఉగాండాలో పరిశోధకులు చేశారు. పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో కదిలే జంతువుల బొమ్మలు కొన్ని నిమిషాలు చూపిస్తారు. వాడి కళ్లు ఎంతసేపు తెర మీద నిలిచాయో వీడియోలో లెక్కగడతారు. చాలామంది పిల్లల్ని కలిపి చూస్తే పరిశోధనకి అది పనికొస్తుంది. ఒక్క పిల్లాడి చదువు గురించి జోస్యం చెప్పడానికి మాత్రం పనికిరాదు. ముక్కు దిబ్బడ వేసినా చూపు నిలవదు కదా!

నేనైతే వేరేవి అడుగుతాను. వెనక నుంచి పిలిస్తే తిరుగుతాడా? ‘నీళ్లు కావాలి’ అని రెండు మాటలు కలుపుతాడా? కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడా? ఏది లేకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. రక్తం ఎంతుందో కూడా చూపించండి. రక్తహీనత ఉన్న పిల్లలు చిరాగ్గా, నిలకడ లేకుండా ఉంటారు. తల్లి సంగతి ఆ డాక్టర్‌కి తెలిస్తే మంచిది. అంగన్‌వాడీలో చెప్పక్కర్లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆమె ఒప్పుకోకుండా ఎవరూ బయటపెట్టకూడదు.

ఇంట్లో ఫోన్ తగ్గించండి. కాలవ రేవులో బాతుల్ని చూస్తూ నిలబడితే చెయ్యి పట్టి లాక్కురాకండి. ‘అదిగో, తెల్లది మునిగింది, ఎక్కడ తేలుతుందో చూడు’ అనండి. ఉగాండాలో ఇలాంటి పిల్లల్ని పెంచేవాళ్లకి పరిశోధకులు ఏడాది పాటు నేర్పింది దాదాపు ఇదే: పిల్లాడి చూపు ఎటుంటే అటు మనమూ చూసి మాట కలపడం. 2013లో వచ్చిన ఫలితాల్లో పిల్లల భాష మెరుగుపడింది. తర్వాతి అధ్యయనాల్లో లాభం అంత స్పష్టంగా కనిపించలేదు. అయినా ఖర్చు లేని పని, చేయండి.

మీ అమ్మాయి గురించి మందుల మాట ఒక్కటే రాశారు. నిద్ర పడుతోందా, నలుగురితో మాట్లాడుతోందా? దిగులుగా ఉంటే ఈసారి మాత్రలకి వెళ్లినప్పుడు ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌తో చెప్పమనండి.