కుక్కను పెంచితే ఊరికేం లాభం?

పెంపుడు కుక్క వల్ల ఇంటివాళ్లకు సంతోషం సరే, మిగతా సమాజానికి ఏం ఉపయోగం అని కొందరు అడుగుతారు. ఉపయోగం చాలానే ఉంది. అన్నింటికన్నా పెద్దది మనుషుల మధ్య పెరిగే పరిచయం.

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన ఇళ్లు హన్మకొండలో ఎన్నో. అలాంటి ఇంటి పెద్దాయన పొద్దున్నే కుక్కతో వడ్డేపల్లి చెరువు వైపు నడిస్తే "కరుస్తదా సార్? పేరేంది?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. కొన్నాళ్లకు ఆయన కనబడకపోతే వాళ్లే ఇంటికొచ్చి అడుగుతారు. ఒంటరి వృద్ధులకు ఇది చిన్న భరోసా కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌, అమెరికాలోని మూడు నగరాల్లో జరిపి 2015లో ప్రచురించిన సర్వే కూడా పెంపుడు జంతువులున్నవాళ్లకు ఇరుగుపొరుగు పరిచయాలు ఎక్కువని చెప్పింది.

అదే ఏడాది జపాన్ పరిశోధకులు కుక్క, యజమాని ఒకరినొకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని గుర్తించారు. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోనే అది.

అయితే మోజుతో కొని, విసుగొచ్చాక రోడ్డు మీద వదిలేస్తే ఊరికి నష్టమే. మన ఎండలకు హస్కీలాంటి చలిదేశపు జాతులు అల్లాడిపోతాయి, వాటిని తేవడం అన్యాయం. వీధిలో పుట్టిన దేశవాళీ కుక్కపిల్లను తెచ్చుకోండి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినట్టు బూస్టర్లు ఇప్పించండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.