రిమ్ బ్రేక్ సైకిల్‌కి కార్బన్ వీల్సా? భాకరాపేట ఘాట్ దిగేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి

తిరుపతిలో ఉంటానని, అల్యూమినియం ఫ్రేమ్, రిమ్ బ్రేకులు (చక్రం అంచునే నొక్కి ఆపేవి), చేతిలో 40 వేలు ఉన్నాయని రాశారు. రేసులకి కార్బన్ ఫైబర్ వీల్స్ కొననా, లేక హ్యాండిల్‌బార్, సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) కార్బన్‌కి మార్చనా అని అడిగారు. ప్రాక్టీసు భాకరాపేట ఘాట్‌లో అంటున్నారు కాబట్టి, వీల్స్ జోలికి పోకండి.

నేను పోయాను. సెకండ్ హ్యాండ్‌వి, చూడ్డానికి భలే ఉండేవి. ఓ మే నెల ఉదయం రంగంపేట వైపు దిగుతుంటే ముందు మదనపల్లె టమాటా లారీ. దాటే చోటు లేక బ్రేకు పట్టుకునే దిగాను. సగం దూరంలో కాలిన వాసన వచ్చింది, లారీదే అనుకున్నా. కాసేపటికి చక్రం తిరిగినప్పుడల్లా బ్రేక్ లివర్ వేళ్లకి టక్కుమని తగలడం మొదలైంది. ఆపి, రిమ్ చల్లారాక బొటనవేలితో తడిమితే ఒకచోట గోరంత ఉబ్బు. రాపిడి వేడికి కార్బన్ పొరల్ని పట్టి ఉంచే రెసిన్ మెత్తబడింది, ట్యూబులో గాలి అంచుని బయటికి తోసేసింది. అల్యూమినియం ఆ వేడిని త్వరగా వదిలేస్తుంది, కార్బన్ వదలదు. రిమ్‌ని కాక చక్రం మధ్యలోని డిస్క్‌ని పట్టుకునే డిస్క్ బ్రేకులైతే ఈ గొడవే ఉండదు. మిగతా ఘాటంతా క్లీట్ షూస్ (పెడల్‌కి బిగుసుకునే బూట్లు) చేత్తో పట్టుకుని సాక్సులతో నడిచా. ఇంట్లో మాత్రం పంక్చర్ అని చెప్పా.

సీట్‌పోస్ట్ అయితే కార్బన్‌దే వేసుకోండి. బరువు సంగతి పక్కన పెడితే, గతుకులు నడుముదాకా రావు. గ్రీజు కాదు, జారకుండా పట్టి ఉంచే కార్బన్ పేస్ట్ రాయాలి. సీట్‌పోస్ట్‌ని బిగించే క్లాంప్ మీద వేసిన టార్క్ (ఎంత బలంగా బిగించాలో చెప్పే) అంకె చూసి (చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు) టార్క్ రెంచ్‌తోనే బిగించండి. జారుతోంది కదా అని ఎల్ కీతో ఇంకో అరచుట్టు తిప్పి ఒకటి పగలగొట్టుకున్నవాణ్ణి.

హ్యాండిల్‌బార్ అల్యూమినియందే ఉంచండి. రేసులో పడకుండా ఎవరుంటారు? అల్యూమినియం వంగితే చాలావరకు కంటికి తెలుస్తుంది. కార్బన్ చిట్లితే బార్‌కి చుట్టిన టేపు కింద దాక్కుని, ఏదో రోజు ఒక్కసారిగా విరుగుతుంది. తేడా మహా అయితే 100 గ్రాములు, బాటిల్లో రెండు గుక్కల నీళ్లు. అలాగని అల్యూమినియం చిరంజీవి కాదు. మన ఎండలకి చెమట టేపు కిందికి దిగి తినేస్తుంది. టేపు మార్చినప్పుడల్లా తెల్లటి పొడి, గుంటలు ఉన్నాయేమో చూడండి.

క్లబ్‌లో అందరూ కార్బన్ అంటున్నారన్నారు కదా, 1998లో ఇటలీ రేసర్ మార్కో పంటాని టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచింది అల్యూమినియం ఫ్రేమ్ మీదే. మిగిలిన డబ్బుతో మంచి అల్యూమినియం వీల్స్, టైర్లు తీసుకోండి. బ్రేకు కింద 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పడుతుందేమో కొలిచి చెప్పండి, పట్టకపోతే 25 చూద్దాం.