కొత్త హైస్కూల్ వస్తోందని ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: డల్లాస్ ఉత్తరాన, ఫ్రిస్కో వైపు ఇల్లు చూస్తున్నాం. రెండేళ్లలో పక్కనే కొత్త హైస్కూల్ తెరుస్తారని ఏజెంట్ అంటున్నాడు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. నమ్మొచ్చా?

బడి వస్తుందండి. మీవాడికి పనికొస్తుందా అన్నదే అనుమానం.

అక్కడ కొత్త హైస్కూల్ మామూలుగా తొమ్మిది, పది తరగతులతోనే మొదలవుతుంది. పైరెండు తరగతుల (పదకొండు, పన్నెండు) వాళ్లను పాతబడిలోనే ఉంచేస్తారు. రెండేళ్లకు మీవాడు పదికొస్తాడు, అంటే తొమ్మిది ఒకచోట, పది ఇంకోచోట. ఇంకో ఏడాది ఆలస్యమైతే పదకొండు. ఇక కొత్తబడి ఇంటి కిటికీలోంచి కనబడుతున్నా రోజూ పాతదానికే బస్సెక్కాలి.

ఆలస్యం ఎందుకవుతుందంటారా? టెక్సస్‌లో బడి డబ్బు రెండు మూటలు. గోడలకు బాండ్లు, అంటే ఓటర్లు ఒప్పుకుంటే తెచ్చే అప్పు, జీతాలకు వేరే పన్ను. బాండ్ల డబ్బుతో టీచర్లకు జీతాలివ్వడం కుదరదు. 2000లో 33 వేల మంది ఉన్న ఫ్రిస్కో 2020కల్లా రెండు లక్షలు దాటింది. 2014లో కొత్త బడుల కోసం ఓటర్లు 77.5 కోట్ల డాలర్ల బాండ్లకు సై అన్నారు. 2016 ఆగస్టులో మాత్రం, జీతాల పన్నును వంద డాలర్ల ఆస్తికి 1.04 నుంచి 1.17 డాలర్లకు పెంచుతామంటే వద్దన్నారు. దాంతో 2017లో తెరవాల్సిన నాలుగు బడులు 2018కి జరిగాయి, మెమోరియల్ హైస్కూల్‌తో సహా. కాబట్టి పునాది పడిందా అని కాదు, సిబ్బందికి బడ్జెట్ పడిందా అని అడగండి.

పక్కనున్న అలెన్‌లా ఊరంతటికీ ఒకే పెద్దబడి ఉంటే ఏ ఇల్లు ఏ బడికి అనే ఈ జోన్ల గోల ఉండదుగా అంటారు కొందరు. కానీ ఐదువేల మంది చదివే బడిలోనూ బాస్కెట్‌బాల్ వర్సిటీ జట్టు, అంటే బడి తరఫున ఆడే ప్రధాన జట్టు, ఒక్కటే, చోటు దొరికేది కొద్దిమందికే! ఫ్రిస్కో ఒక్కో బడిని 2,100 మంది దగ్గర ఆపి, పన్నెండు హైస్కూళ్లు కట్టుకుంది.

మనవాళ్లు రేటింగులు చూస్తారుగానీ ర్యాంకు లెక్క వేసుకోరు. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం యూటీ ఆస్టిన్ 2026 నుంచి తరగతిలో పై 5 శాతానికే నేరుగా సీటిస్తుంది. 2,100 మంది బడిలో తరగతికి సుమారు 525, అంటే 26 సీట్లు. కొత్తబడి తొలి బ్యాచ్ 300 ఉంటే పదిహేనే.

ఇంకోటి, చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన ఫ్రిస్కో ఐఎస్‌డీ (అక్కడి ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) కాదు. ఉత్తరాన కొన్ని ఇళ్లు ప్రాస్పర్ ఐఎస్‌డీలోకి, పడమట కొన్ని లిటిల్ ఎల్మ్‌లోకి పోతాయి. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ ఇంటి నంబరు, వీధి పేరుతో స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌లోనే వెతకండి. బిల్డర్ ఇచ్చే మ్యాప్ ఏ ఏడాదిదో ఎవరికీ తెలియదు.