తప్పు చేశానన్న బాధ ఉంటే పశ్చాత్తాపపడినట్టేనా?

చాలదు. ఆ బాధ ఆరంభం మాత్రమే. ధర్మశాస్త్రం (మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు) వల్లే పాపమంటే ఏమిటో తెలుస్తుందని అపొస్తలుడైన పౌలు బైబిల్లోని తన లేఖ రోమా పత్రిక 3:20లో అంటాడు. స్కానింగ్ రిపోర్టులాగా అది జబ్బును బయటపెడుతుంది, నయం చేయదు.

యేసు శిష్యులైన యూదా, పేతురులను చూడండి. ఒకరు యేసును అప్పగించారు, ఇంకొకరు ఆయన ఎవరో తెలియదన్నారు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా 30 వెండి నాణేలు తిరిగిచ్చి, పాపం చేశానని ఒప్పుకున్నాడు కూడా. కానీ వెళ్ళింది యాజకుల దగ్గరికి. ఆ తర్వాత నిరాశలో ప్రాణం తీసుకున్నాడు. పేతురు వెక్కివెక్కి ఏడ్చినా, చివరికి యేసు దగ్గరికే వచ్చాడు. పౌలు మరో లేఖ 2 కొరింథీ 7:10 చెప్పే రెండు దుఃఖాల తేడా నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది: ఒకటి మారుమనస్సుకు, మరొకటి మరణానికి తీసుకెళ్తుంది.

మనసు మారితే అది పనుల్లోనూ కనిపిస్తుంది. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.