ఇల్లు సర్ది బండెక్కేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటికి తాళం వేసి, ఏడాదో రెండేళ్ళో బండిలోనే కాపురం ఉంటూ దేశం తిరగాలనుకునేవాళ్ళ ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. అన్నీ గోదావరి డెల్టా నుంచి వచ్చినవే. ఉత్తరాలను కుదించాం.

మాది పాలకొల్లు దగ్గర పెంకుటిల్లు. ఇత్తడి గంగాళాలు, పందిరిమంచం, రెండు బీరువాల చీరలు, అటక నిండా జాడీలు, పుస్తకాలు. మావారు రిటైరయ్యారు, పిల్లలు బయట ఊళ్ళలో ఉన్నారు. సామానంతా ఒక గదిలో పెట్టి తాళం వేసి వెళ్తే సరిపోదా? తీసెయ్యాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలండీ?

సరిపోదండీ. రాయలసీమలో అయితే తాళం వేసిన గది రెండేళ్ళకు దుమ్ము పడుతుంది, దులుపుకుంటే పోతుంది. మన వైపు ఒక్క వానాకాలం చాలు. పరుపుల్లో బూరుగుదూది తేమ పీల్చి ముద్దకడుతుంది, బీరువా అడుగు తుప్పు పడుతుంది, నేలకు ఆనిన చెక్కలోకి చెదలు ఎక్కుతాయి. పెంకు ఒకటి జరిగితే కారే నీళ్ళను చూసే దిక్కుండదు. దాచిన సామాను మీరు తిరిగొచ్చేసరికి అలాగే ఉంటుందన్న లెక్క ఇక్కడ చెల్లదు. కాబట్టి ఏ వస్తువు గురించైనా ముందు అడగాల్సింది "ఇది కావాలా" అని కాదు, "నేను లేనప్పుడు దీన్ని ఎవరు వాడతారు" అని. వాడే మనిషి దొరికితే ఇచ్చెయ్యండి. దొరక్కపోతే అమ్మెయ్యండి. ఈ రెండూ కుదరనివి మాత్రమే దాచండి. అవి ఒక బీరువాకు మించకూడదు.

పనికి మంచి కాలం సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా. పండక్కి పిల్లలు, తోబుట్టువులు ఎలాగూ వస్తారు. గంగాళాలు, బిందెలు, మంచాలు వరండాలో పెట్టి, ఎవరికి ఏది కావాలో పేరు రాసి అంటించమనండి. ఉగాదిలోపు తీసుకెళ్ళనిది అమ్ముతామని ముందే చెప్పండి. ఈ గడువు పెట్టకపోతే "తర్వాత పట్టుకెళ్తాం" అన్న మాట మీదే సగం ఇల్లు అలా ఉండిపోతుంది. వానలు మొదలయ్యాక మాత్రం ఏదీ మూటకట్టొద్దు, తేమను కూడా కలిపి కట్టినట్టే.

మొదట వంటింటి స్టీలు, రెండేసి మూడేసి ఉన్న వస్తువులు తీయండి. ఫొటోలు, ఉత్తరాలు అన్నిటికన్నా చివర. వాటితో మొదలుపెడితే మొదటి రోజే పని ఆగిపోతుంది.

లోహపు సామాను అమ్మేటప్పుడే ఎక్కువమంది నష్టపోతారు. ఇత్తడి, కంచు, రాగి మూడింటినీ ఒకే కుప్పగా వేసి "ఇత్తడే కదా" అంటారు కొనేవాళ్ళు. రాగి, కంచు రెండూ ఇత్తడి కంటే ధర పలుకుతాయి. అంచు మీద వేలిగోటితో కొట్టి చూడండి: కంచు మోత చాలాసేపు నిలుస్తుంది, ఇత్తడిది తొందరగా ఆగుతుంది. ఇనుప పిడులు, కడియాలు ముందే విప్పేసి, మూడు కుప్పలనూ ఇంట్లోనే విడివిడిగా తూచి రాసుకోండి. అప్పుడు తూకంలో తేడా వస్తే మీకే తెలుస్తుంది. తణుకు వైపు అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు, అక్కడి పనివాళ్ళను కూడా ధర అడిగి చూడండి. పెద్ద గంగాళాలు, పాత దీపపు సెమ్మెలు తూకానికి వెయ్యకండి. హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళవాళ్ళు అలంకారానికి అంతకన్నా ఎక్కువిచ్చి తీసుకుంటారు.

పట్టుచీరలు ప్లాస్టిక్ సంచుల్లో పెడితే లోపల తేమ చేరి జరీ నల్లబడుతుంది. ఉతికిన పాత పంచె గుడ్డలో చుట్టండి, కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు. మూడు నెలలకోసారి మడత మార్చేవాళ్ళు ఉండాలి. కాబట్టి చీరలు చెల్లెలి బీరువాలో ఉండటమే మేలు, అప్పుడప్పుడూ కట్టుకుంటుంది కూడా. పాత పుస్తకాలు, తాళపత్రాలు ఉంటే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం లాంటి చోట జాబితా పంపి అడగండి, చెప్పకుండా అట్టపెట్టెలు దించి రాకండి. లంక ఊళ్ళో చుట్టాలింట్లో సామాను పెట్టాలనుకుంటే అది మేడమీద గది అయితేనే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 17.75కి మూడోది. ఆ కబురు మీకు ఏ రాజస్థాన్‌లోనో అందుతుంది.

ఇల్లు ఖాళీగా వదలకండి. తక్కువ అద్దెకైనా, వారానికోసారి తలుపులు తీసేవాళ్ళకైనా అప్పగించండి. ఫ్రిజ్ వదిలి వెళ్ళాల్సివస్తే ప్లగ్గు తీసి, తుడిచి, తలుపు మధ్య గుడ్డ పెట్టి తెరిచి ఉంచండి. మూసి ఉంచితే లోపలంతా బూజు.

బంగారం, ఇంటి దస్తావేజులు లాకర్లో పెట్టి వెళ్ళొచ్చా? రెండు మూడేళ్ళు తెరవకపోతే ఏమవుతుంది? (అమలాపురం)

పెట్టొచ్చు. కానీ మూడు సంగతులు తెలుసుకుని పెట్టండి. అద్దె వరుసగా 3 ఏళ్ళు కట్టకపోతే నోటీసిచ్చి లాకర్ పగలగొట్టే అధికారం బ్యాంకుకుంది. అద్దె కడుతున్నా 7 ఏళ్ళు ఎవరూ తెరవకపోతే వస్తువులను నామినీకో వారసులకో అప్పగించే చర్యలు మొదలుపెట్టొచ్చు. అద్దె ఏటేటా ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా రాసివ్వండి, నామినీ పేరు ఉందో లేదో వెళ్ళి చూసుకోండి.

రెండో సంగతి. దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు, లోపల ఎంత బంగారం ఉన్నా అంతే. మూడోది డెల్టావాళ్ళు తప్పక చూడాల్సింది: వరద, పిడుగు, భూకంపం లాంటివి బ్యాంకు బాధ్యతలోకి రావు. కాలువ గట్టు పక్కన కింది అంతస్తులో లాకర్ గది ఉన్న శాఖ కన్నా, మెరకలో ఉన్న ఊరి శాఖ మంచిది. నగలకు విడిగా బీమా చేయించండి, ప్రతి నగకూ బరువుతో సహా ఫొటో ఉంచుకోండి. దస్తావేజులకు లామినేషన్ చేయించొద్దు, స్టాంపులు, వేలిముద్రలు పరిశీలించాల్సివస్తే చిక్కు. సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పడే కవరులో పెట్టండి. బండిలో బంగారం ఉంచుకోకండి, పుస్తెలతాడు సంగతి మీ ఇష్టం.

సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్ కొని మంచం, వంటగది పెట్టించుకుందామని ఉంది. వడ్రంగి ఇంట్లోనే ఉన్నాడు. ఏం చూసుకోవాలి? (భీమవరం)

అడ్వాన్సు ఇవ్వకముందే రవాణా కార్యాలయానికి వెళ్ళండి. మార్కెట్లో దొరికేవి ఎక్కువగా పసుపు బోర్డు బళ్ళు, అంటే అద్దెకు తిప్పేవి. సొంత వాడకానికి మార్చుకోవాలంటే పర్మిట్ రద్దు, పన్ను తేడా, తనిఖీ ఉంటాయి. సీట్లు తీసి మంచం బోల్టులతో బిగిస్తే అది బండి నిర్మాణంలో మార్పు కిందికే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా ఆమోదం తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. రాయించకపోతే పోలీసు జరిమానా చిన్న సంగతి, ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్ళు డబ్బు ఇవ్వం అంటే అది పెద్ద సంగతి. ఫ్యాక్టరీ నుంచే కారవాన్‌గా (కాపురానికి తగ్గట్టు తయారై) వచ్చే బళ్ళకు ఏఐఎస్-124 అనే వాహన ప్రమాణం ఉంది. ఖర్చు ఎక్కువే, కాగితాల తలనొప్పి మాత్రం తక్కువ.

ఇక బరువు. ఆర్‌సీలో అన్‌లేడెన్ (ఖాళీ బండిది), లేడెన్ (నిండుగా ఉన్నప్పుడు దాటకూడనిది) అని రెండు బరువులుంటాయి. ఆ రెంటికీ తేడాయే మీకున్న జాగా. ఇంట్లో వడ్రంగి ఉండటం ఇక్కడ ప్రమాదమే, ఎందుకంటే ఇంటి అలవాటుతో 18 ఎంఎం ప్లైవుడ్ తెస్తాడు. 8 బై 4 షీటు ఒక్కటే 30 కిలోల పైమాట. ఆరు షీట్లు వాడితే ఇద్దరు మనుషుల కన్నా ఎక్కువ బరువు, ఇంకా ఒక గిన్నె కూడా పెట్టలేదు. అల్మారా పక్కలకు 9 ఎంఎం, మంచం పలకకు 12 ఎంఎం చాలు, కింద ఇనుప చట్రం ఉంటే.

నీళ్ళు లీటరుకు కిలో. ఇద్దరికి రోజుకు 20 లీటర్ల లెక్కన నాలుగు రోజులకు 80 లీటర్ల ట్యాంకు. దాన్ని వెనక డిక్కీలో కాకుండా ముందు, వెనక ఇరుసుల మధ్య నేలకు దగ్గరగా పెట్టండి. బరువంతా వెనక చేరితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ ఊగుతుంది, వెనక టైర్లు వేడెక్కి పగులుతాయి.

మన వైపు కాటాకు కొదవలేదు. మీకు దగ్గర్లో ఏదో ఒక రైసు మిల్లులో వేబ్రిడ్జి ఉంటుంది. ఖాళీ బండి ఒకసారి, నీళ్ళు, డీజిలు, మనుషులు, సామానుతో నిండుగా ఇంకోసారి తూయించండి. నిండు బండిని మూడు తూకాలు వేయాలి: ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, తర్వాత మొత్తం బండి, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే. చీటీలు దాచుకోండి. మొత్తం బరువు సరిపోయినా వెనక ఇరుసు మీద హద్దు దాటి ఉండటం తరచుగా కనిపించే తప్పు. అప్పుడు ఏం తగ్గించాలో ఇంట్లో వాదన పెట్టుకోనక్కర్లేదు, చీటీయే చెబుతుంది.

ఒక చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు. సోలార్ ఎంత కావాలి? ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ వాడొచ్చా? (రామచంద్రపురం)

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లది సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకు 540 వాట్-అవర్లు. 20 వాట్ల ఫ్యాన్లు రెండు పదేసి గంటలు తిరిగితే 400. లైట్లు, ఫోన్లు 100. మొత్తం 1,040. 100 ఆంపియర్-అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో (దాని 12.8 వోల్టులతో గుణిస్తే) 1,280 ఉంటుంది, అంటే ఎండ లేకపోయినా ఒక రోజు నెట్టుకొస్తుంది. ఇంటి ట్యూబులర్ బ్యాటరీ వాడొద్దు. 150 ఆంపియర్-అవర్‌ది 50 కిలోలు దాటుతుంది, అందులో నిజంగా వాడుకోగలిగింది సగమే, కుదుపులకు యాసిడ్ చిందుతుంది. లిథియంది 12 కిలోల లోపు, బరువు మిగులుతుంది. లడఖ్ వైపు వెళ్ళేట్టయితే ఒక జాగ్రత్త: సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు.

పైకప్పు మీద 200 వాట్ల సోలార్ పలకలు రెండు పెట్టండి. మంచి ఎండలో రోజుకు 1,300 దాకా వస్తుంది, ముసురు రోజుల్లో మూడో వంతు. ఆ లోటుకు, బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ కరెంటుతో ఈ బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టుకోండి, రెండు గంటల ప్రయాణంలో 750 దాకా నింపుతుంది.

పని చెడేది వైరు దగ్గర. ఇంటి ఎలక్ట్రీషియన్ 30 ఆంపియర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తాడు. ఇంట్లో 230 వోల్టులకు అది సరే. 12 వోల్టులకు ఐదు మీటర్ల దూరం పోయి వచ్చేసరికి 1.3 వోల్టులు వైరులోనే పోతాయి, వైరు వేడెక్కుతుంది, బ్యాటరీ ఎప్పటికీ నిండదు. 16 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొన నుంచి జానెడు లోపే ఉండాలి.

ఇంకొకటి. కోనసీమలో బండి ఎక్కడ ఆపినా నీడ కొబ్బరిచెట్టుదే. నీడలో పలకలు పనిచెయ్యవు, పైగా కాయో మట్టో పడితే పలకా పోతుంది, అద్దమూ పోతుంది.

గ్యాస్ సంగతేమిటి? ఇంటి కనెక్షన్ ఉంచుకోవాలా? పనిలోపనిగా, ఆవకాయ ఎలా పట్టుకెళ్ళాలి? (మండపేట)

ఇల్లు అద్దెకిచ్చి, పొయ్యి వాడేవాళ్ళెవరూ లేకపోతే కనెక్షన్ తిరిగిచ్చెయ్యండి. బండ, రెగ్యులేటర్, పాస్‌బుక్ ఏజెన్సీలో అప్పగిస్తే టెర్మినేషన్ వోచర్, డిపాజిట్ డబ్బు ఇస్తారు. ఆ వోచర్ పోగొట్టుకోకండి, మళ్ళీ కనెక్షన్ తీసుకునేటప్పుడు పనికొస్తుంది. ఇంటి 14.2 కిలోల బండ నిండుగా దాదాపు 30 కిలోలు, బండిలో దానికి చోటు లేదు. 5 కిలోలది గుర్తింపు కార్డు చూపిస్తే, చిరునామా రుజువు లేకుండా దొరుకుతుంది. నిలువుగా, బెల్టుతో కట్టి పెట్టండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే నేలమీద పేరుకుంటుంది. అందుకే బండ పెట్టిన చోట నేలకు ఆనుకుని బయటికి కన్నం ఉండాలి, లీకు అలారం కూడా నేలకు అడుగులోపే బిగించాలి. పైకప్పుకు బిగిస్తే అది మోగేసరికి ఆలస్యమవుతుంది.

ఆవకాయ: పింగాణీ జాడీ ఇంట్లోనే ఉంచండి, కుదుపులకు మూత దగ్గర పగులుతుంది. స్టీలు డబ్బాలో వద్దు, ఉప్పూ పులుపూ కలిసి మచ్చలు పడతాయి. వెడల్పు మూతి ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్ డబ్బాల్లో కిలో చొప్పున సర్ది, ముక్క మునిగేలా పైన నువ్వులనూనె పోయండి. వేడికి నూనె పొంగి మూత దగ్గర కారుతుంది కాబట్టి మూతి కింద రెండంగుళాలు ఖాళీ వదిలి, ఒక్కో డబ్బాను విడిగా సంచిలో కట్టండి. ఒకసారి ఒక డబ్బానే తెరవండి. తడి గరిటె తగిలితే అదొక్కటే పోతుంది.

పింఛను, బ్యాంకు పనులు దూరంగా ఉంటే ఎలా? (రాజోలు)

లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే ముఖం చూపించి, ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ జీవన్ ప్రమాణ్ ద్వారా ఇవ్వొచ్చు. కేంద్ర పింఛనుదారులకు నవంబరు, 80 దాటినవాళ్ళకు అక్టోబరు నుంచే. ఈపీఎఫ్ పింఛను అయితే ఏ నెలలో ఇచ్చినా అక్కణ్ణుంచి ఏడాది చెల్లుతుంది. బయల్దేరకముందే ఇంట్లో ఒకసారి ఇచ్చి చూడండి, ఆధార్‌లో పాత ఫొటో ఉంటే ముఖం పట్టదు. వాడని ఖాతా రెండేళ్ళకు నిద్రాణమవుతుంది, కాబట్టి ప్రతి ఖాతాలోంచీ ఆర్నెల్లకోసారి వంద రూపాయలైనా అటూఇటూ పంపండి.