రూమ్ కరెక్షన్ ఆన్ చేస్తే బాస్ ఎందుకు పెరగలేదంటే

12 అడుగుల పొడవు గదిలో సరిగ్గా మధ్యన సోఫా, 47 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంట (అంటే అక్కడ బాస్ బాగా పడిపోవడం), దాన్ని పూడ్చడానికి రూమ్ కరెక్షన్ యాప్ (గదిలో శబ్దాన్ని మైకుతో కొలిచి స్పీకర్ల ధ్వనిని సరిచేసేది) 9 డెసిబెల్స్ పెంచింది, ఇప్పుడు వాల్యూమ్ పెంచితే వూఫర్ పటపటలాడుతోంది అన్నారు కదా. తప్పు స్పీకర్లది కాదండీ.

ఆ పొడవు గదికి మొదటి రెజొనెన్స్ (గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి నిలిచిపోయే ఫ్రీక్వెన్సీ) 47 హెర్ట్జ్ చుట్టూనే వస్తుంది, దాని శబ్ద ఒత్తిడి గది మధ్యలో దాదాపు సున్నా. అక్కడ ఎంత పెంచినా తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 9 డెసిబెల్స్ అంటే ఆంప్లిఫయర్ మీద ఎనిమిది రెట్ల పవర్ భారం, చెవికి చేరేది మాత్రం శూన్యం.

ముందు సోఫాను వెనక గోడకు నాలుగున్నర అడుగుల దూరానికి జరపండి. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత మళ్లీ కొలవండి: ఫ్యాన్, ఏసీ ఆపాలి (ఫ్యాన్ గాలి మైకుకు తగిలితే కింది హెర్ట్జ్ కొలతలన్నీ పాడే), ఫోన్ కవర్ తీసి చెవి ఎత్తులో పట్టుకోవాలి. కరెక్షన్ పై హద్దు 300 హెర్ట్జ్ చాలు. ఆపైన ఫోన్ మైకును నేనైతే నమ్మను. గరిష్ఠ బూస్ట్ 3 డెసిబెల్స్ దాటనివ్వకండి, శిఖరాలను (శబ్దం మరీ ఎక్కువైన చోట్లను) మాత్రం ధైర్యంగా కోయండి. 3 పెంచితే ప్రీగెయిన్ (కరెక్షన్‌కు ముందు మొత్తం సిగ్నల్ స్థాయి) కూడా మైనస్ 3కి దించాలి, లేదంటే డిజిటల్ క్లిప్పింగ్ (సిగ్నల్ హద్దు దాటి శబ్దం చెదరడం) రావచ్చు.

కరెక్షన్ తర్వాత మొత్తం శబ్దం కాస్త తగ్గుతుంది. ఆన్, ఆఫ్ పోల్చేటప్పుడు వాల్యూమ్ సమం చేసుకుని వినండి.