‘లింగమార్పిడి చట్టం’ అనవచ్చా?

సందేహం: మేం బెర్లిన్‌లో ఉంటాం. జర్మనీలో 2024 నవంబరు 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టం గురించి ఇక్కడి తెలుగు పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. దాన్ని ఒకచోట ‘లింగమార్పిడి చట్టం’ అనీ, ఇంకోచోట ‘లింగ నిర్ధారణ చట్టం’ అనీ చూశాను. ఏది సరి? రికార్డులో ఆడా మగా కాని మనిషిని ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా?

సమాధానం: రెండు పేర్లూ వద్దమ్మా. గుండె మార్పిడి, కిడ్నీ మార్పిడి విన్న చెవికి ‘లింగమార్పిడి’ అనగానే ఆపరేషన్ థియేటర్ గుర్తొస్తుంది. ఈ చట్టానికి ఆపరేషన్‌తో పనిలేదు. జనన, వివాహాలు నమోదుచేసే కార్యాలయానికి మూడు నెలల ముందు తెలియజేసి, తర్వాత స్వయంగా వెళ్లి వాంగ్మూలం ఇస్తే రికార్డులో పేరు, లింగం మారుస్తారు. అంతకుముందున్న 1980 నాటి చట్టం కోర్టుకు వెళ్లమంది, ఇద్దరు నిపుణుల నివేదికలు తెమ్మంది. శస్త్రచికిత్స, పిల్లలు పుట్టే శక్తి లేకపోవడం కూడా షరతులే. చివరి రెండింటినీ 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కోర్టు తీసేసిన షరతును మనవాళ్లు చట్టం పేరులో మళ్లీ తగిలించడం అన్యాయం. రాసేముందు చట్టంలో ఏముందో ఒక్కసారి చదవరాదా? ఇక ‘లింగ నిర్ధారణ’ స్కానింగ్ సెంటర్ బోర్డుల మీది మాట, అది కడుపులోని బిడ్డకు సంబంధించింది.

అసలు లింగం అంటే గుర్తు. తర్కశాస్త్రంలో కొండమీద నిప్పుకు పొగ లింగం. కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకుంటాం. మరి స్త్రీత్వానికి, పుంస్త్వానికి గుర్తేది? ఈ ప్రశ్నను పతంజలి, పాణిని సంస్కృత వ్యాకరణానికి తాను రాసిన వ్యాఖ్య మహాభాష్యంలో విచారించిన తీరు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. స్తనాలూ కేశాలూ ఉంటే స్త్రీ, ఒంటిమీద రోమాలుంటే పురుషుడు, ఆ రెంటికీ నడిమిది నపుంసకం అని ఒక శ్లోకాన్ని ముందు పెడతాడు. వెంటనే తానే ఆక్షేపిస్తాడు. ఆడవేషం కట్టిన నటుణ్ణి ఏమంటారు? ‘ఖట్వా’ అంటే మంచం, అది స్త్రీలింగం ఎలా అయింది? వృక్షం పుంలింగం ఎలా అయింది? ఒంటి గుర్తులతో తేలదని చూపించి, లింగం లోకవ్యవహారాన్ని ఆశ్రయించి ఉంటుందంటాడు. నిజమే, ఇంటి ఇల్లాలినే సంస్కృతం ‘భార్యా’ అని స్త్రీలింగంలో, ‘దారాః’ అని పుంలింగ బహువచనంలో, ‘కళత్రమ్’ అని నపుంసకంలో పిలుస్తుంది. పతంజలి చెప్పింది శబ్దాల సంగతి, మనుషుల రికార్డుల సంగతి కాదు. ఆయన్ను జర్మన్ చట్టానికి సాక్షిగా నిలబెట్టను. కానీ ఒంటిని చూసి లింగం తేల్చేయడం తేలికని అనుకునేవాళ్లు ఆ భాగం తప్పక చదవాలి.

జర్మన్ పేరుకు దగ్గరగా ‘స్వీయ నిర్ణయ చట్టం’ అనండి. చేసే పనిని చెప్పాలంటే ‘లింగ నమోదు మార్పు’. డెన్మార్క్ 2014లో, ఐర్లండ్, మాల్టా 2015లో ఇలా సొంత ప్రకటన చాలన్నాయి, హంగరీ 2020లో మార్పుకు తలుపే మూసింది. వీటన్నిటినీ కలిపి రాసేటప్పుడు ‘చట్టపరమైన లింగ గుర్తింపు’ నప్పుతుంది.

క్రియ విషయంలో ‘వచ్చారు’ అనడం నా ఇష్టం. తెలుగులో ఏకవచనంలోనే ఈ చిక్కు. బహువచనంలో ఆడామగా అందరూ ‘వారే’, అందరూ ‘వచ్చారే’. ‘తను’ మంచి మాటే కానీ, వెనకొచ్చే ‘వచ్చాడు’, ‘వచ్చింది’ దగ్గర మళ్లీ చిక్కుపడుతుంది. ఫ్రెంచి రైల్వే టికెట్ కొనేవాళ్లను శ్రీయా శ్రీమతా అని అడగడం టికెట్‌కు అవసరమే కాదని 2025 జనవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. మనకు ‘గారు’ ఉండగా ఆ ఇబ్బంది ఎప్పుడో తీరింది, అయినా దరఖాస్తుల్లో శ్రీ, శ్రీమతి, కుమారి అని గళ్లు గీస్తూనే ఉన్నాం!

ఈడువాళ్ల మధ్య ‘వారు’ అంటే కాస్త ఎడంగా వినిపిస్తుందన్నది నిజం. అక్కడ నేను ఖాయంగా చెప్పలేను. ఆ మనిషినే అడిగి, వాళ్లు ఏ మాట కోరితే అది రాయండి.